కాలువ లినక్సా, చెరువు లినక్సా?

2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది. అప్పట్నుంచి నాకు వచ్చే మెసేజ్‌లలో సగం ఒకటే ప్రశ్న. నంద్యాల డిగ్రీ అమ్మాయి అడిగింది, ప్రొద్దుటూరు బీటెక్ తమ్ముడు అడిగాడు, ఆదోనిలో జిరాక్స్ షాపు నడిపే అన్న కూడా అడిగాడు. "అన్నా, లినక్స్ ఏసుకుందామనుకుంటాండా. కంపెనీది ఏసుకుంటే మంచిదా, జనాలు చేసేది ఏసుకుంటే మంచిదా?"

వీళ్లందరి దగ్గరున్నది ఇంచుమించు ఒకే రకం మిషన్. సెకండ్ హ్యాండ్‌లో పది పన్నెండు వేలకు కొన్న ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్, ఆరో ఏడో తరం ప్రాసెసర్. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో అధికారికంగా 8వ తరమైనా ఉండాలి, టీపీఎం 2.0 చిప్ ఉండాలి. అవి లేవు. సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకో ఏడాది తీసుకునే వీలుంది కానీ, ఆ గడువు కూడా 2026 అక్టోబర్ 13 వరకే. ల్యాప్‌టాప్ శుభ్రంగా పనిచేస్తోంది, లోపలి సాఫ్ట్‌వేర్‌కే కాలం చెల్లింది. శెనక్కాయ పంట డబ్బుల్లోంచి నాన్న కొనిచ్చిన మిషన్‌ను "పాతదైపోయింది, కొత్తది కొనుక్కో" అనడానికి నాకైతే నోరు రాదు. అందుకే లినక్స్.

మరి ఏ లినక్స్? దీనికి జవాబు మన సీమలో నీళ్ల కథ తెలిసినవాళ్లకు తొందరగా అర్థమవుతుంది.

కేసీ కెనాల్, పోరుమామిళ్ల చెరువు

కర్నూలు-కడప కాలువను మనం గవర్నమెంటు కాలువ అనుకుంటాం. నిజానికి దాన్ని తవ్వించింది మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ప్రైవేటు కంపెనీ. ఇంగ్లండ్‌లో పెట్టుబడి సేకరించి, సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, 1863లో పని మొదలుపెట్టింది. నీళ్లమ్మి, పడవలు నడిపి లాభం తీద్దామనుకుంది. అనుకున్న ఆదాయం రాలేదు. చివరికి 1882లో కాలువ ప్రభుత్వం చేతికొచ్చింది. కంపెనీ పోయింది, కాలువ మిగిలింది. పెద్ద పెట్టుబడి, పెద్ద ఇంజనీర్లు, పొడుగాటి కాలువ అన్నీ నిజమే. నీళ్లు ఎప్పుడు వదలాలో ఎప్పుడు ఆపాలో తేల్చే తూము మాత్రం రైతు చేతిలో ఉండదు.

ఇక కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు. దాని శాసనం 1369 నాటిది. కట్టించింది విజయనగర బుక్కరాయల కొడుకు భాస్కరుడు. రెండేళ్లపాటు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు పనిచేశాయని శాసనం చెబుతుంది. కట్టించేది రాజైనా, ఏటా పూడిక తీసి కట్టకు మన్ను వేసి నిలబెట్టుకోవడానికి ఊరి చేతులే కావాలి. అందుకే మన జిల్లాల్లో దశబంధం ఇనాములని ఉండేవి. చెరువు బాగుచేసేవాళ్లకు దానికింద ఇచ్చే భూమి అది. అంటే చెరువు కూడా ఊరికే నిలబడదు, ఎవరో ఒకరు పనిచేయాలి, పనిచేసినవాడికి ఏదో ఒక ఆధారం ఉండాలి.

కంపెనీ లినక్స్ కేసీ కెనాల్ లాంటిది. జనం లినక్స్ చెరువు లాంటిది. ఈ రెండింటి బలాలు, బలహీనతలు కూడా అట్లాంటివే.

ఎవరు ఏ వైపు?

కాలువ వైపు మూడు పెద్ద పేర్లున్నాయి: రెడ్‌హ్యాట్, సూసే, కానానికల్. రెడ్‌హ్యాట్‌ను 2019లో ఐబీఎం 34 బిలియన్ డాలర్లకు కొంది. కానానికల్ అంటే ఉబుంటు చేసే కంపెనీ, 2004లో మార్క్ షటిల్‌వర్త్ పెట్టాడు. వీళ్లు అమ్మేది సాఫ్ట్‌వేర్ కన్నా ఎక్కువగా పూచీ. ఫలానా తేదీ దాకా అప్‌డేట్లు ఇస్తాం, ఫలానా మోడల్ ల్యాప్‌టాప్ మీద పరీక్షించాం, డబ్బు కడితే ఫోనెత్తుతాం అనే పూచీ. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ ఒక్కో పెద్ద వెర్షన్‌కు పదేళ్ల మాట ఇస్తుంది. ఉబుంటు ఎల్‌టీఎస్ రెండేళ్లకోసారి వస్తుంది, ఐదేళ్లు నడుస్తుంది. ఉబుంటు ప్రోలో పేరు నమోదు చేసుకుంటే పదేళ్లు. ఐదు మిషన్ల దాకా అది కూడా ఉచితమే, ఈ సంగతి మనలో చాలామందికి తెలీదు.

చెరువు వైపు పెద్దన్న డెబియన్. 1993లో ఇయన్ మర్డాక్ అనే కుర్రాడు మొదలుపెట్టాడు. దానికి ఓనర్ లేడు. లోకమంతా ఉన్న వలంటీర్లు ఓట్లేసుకుని ఏటా ఒక లీడర్‌ని ఎన్నుకుంటారు. 2025 ఆగస్టులో డెబియన్ 13 వచ్చింది. 2006లో మొదలైన లినక్స్ మింట్ విరాళాలతో, స్పాన్సర్లతో నడుస్తుంది. యాప్‌లు ఎప్పటికప్పుడు కొత్తగా ఉండాలనుకునేవాళ్లకు ఆర్చ్ ఉంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఉబుంటు తయారయ్యేది డెబియన్ నుంచే. మింట్ తయారయ్యేది ఉబుంటు నుంచి. అంటే చెరువు నీళ్లు కాలువలోకి, కాలువ నీళ్లు ఇంకో చెరువులోకి పారుతున్నాయి. అన్నింటి అడుగునా ఉండే లినక్స్ కెర్నెల్‌లో ఇంటెల్, రెడ్‌హ్యాట్, గూగుల్ జీతాలిచ్చే ఇంజనీర్ల పని బోలెడుంది. కాబట్టి "కంపెనీలంటే దొంగలు, జనమంటే దేవుళ్లు" అనే వాట్సాప్ వాదనను పక్కన పెట్టేద్దాం. మనం చూడాల్సింది వేరే: తూము ఎవరి చేతిలో ఉంది? గండి పడితే ఎవరు పరిగెత్తుకొస్తారు?

కాలువ ఆపేస్తే

సెంటోస్ కథ వినండి. రెడ్‌హ్యాట్ కోడ్‌నే తీసుకుని, డబ్బు కట్టక్కర్లేకుండా జనం కోసం చేసిన లినక్స్ అది. 2004లో మొదలైంది. 2014లో ఆ ప్రాజెక్టును రెడ్‌హ్యాటే తన గొడుగు కిందికి తెచ్చుకుంది. అందరూ సంతోషించారు, కంపెనీ అండ దొరికిందని. సెంటోస్ 8కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయనుకుని ఎక్కించుకున్నారు. 2020 డిసెంబర్ 8న ఒక ప్రకటన వచ్చింది: 2021 చివరికే ఆపేస్తున్నాం. ఏడేళ్లకు పైగా కాలం ఒక్క పోస్టుతో ఎగిరిపోయింది.

పోరుమామిళ్ల శాసనంలో మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు రాసి ఉన్నాయి. ఆ దోషాల్లో ఒకటి: చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం. సెంటోస్‌కు పట్టిన దోషం అదేనని నాకనిపిస్తుంది. పేరు జనానిది, తూము కంపెనీది.

కంపెనీ మనసు మారడం డెస్క్‌టాప్‌లో కూడా చూశాం. ఉబుంటు ఒకప్పుడు సీడీలను ఉచితంగా పోస్టులో ఇంటికి పంపేది, 2011లో ఆపేసింది. యూనిటీ అనే సొంత డెస్క్‌టాప్‌ను ఏళ్లతరబడి చేసి, 2017లో వదిలేసి గ్నోమ్‌కి వెళ్లిపోయింది. ఇంటెల్ చేసిన క్లియర్ లినక్స్ చాలా వేగంగా ఉండేది. 2025 జులైలో ఇంటెల్ దాన్ని ఆపేసింది, సెక్యూరిటీ అప్‌డేట్లతో సహా. కంపెనీని తిట్టి లాభం లేదు. లెక్క కుదరకపోతే ఆపుతుంది, అది దాని వ్యాపారం. దాన్ని నమ్మి మిషన్‌లో ఎక్కించుకునేముందు ఆ లెక్క మనకూ తెలియాలి, అంతే.

చెరువుకు గండి పడితే

చెరువు వైపు అంతా బాగుందనుకోకండి. ఆర్చ్‌ను తేలిగ్గా ఇన్‌స్టాల్ చేసుకోవడానికి యాంటెర్‌గోస్ అని ఒకటుండేది. 2019లో దాన్ని చేసేవాళ్లు "మాకు టైం దొరకట్లేదు" అని మర్యాదగా తలుపు మూశారు. జీతం లేని పని కదా. పెళ్లవుతుంది, ఉద్యోగం మారుతుంది, ఎవర్నీ తప్పు పట్టలేం.

2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ వ్యవహారం ఇంకా భయంకరం. ఫైళ్లను కుదించే చిన్న లైబ్రరీ అది, దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉంటుంది. చూసుకునేది అలసిపోయిన ఒకే ఒక్క మనిషి. "సాయం చేస్తా" అంటూ ఒక అజ్ఞాత వ్యక్తి వచ్చి, రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి, తాళాలు చేతికొచ్చాక లోపల దొంగదారి పెట్టాడు. డెబియన్ టెస్టింగ్‌లోకి, ఫెడోరా తయారీ దశలోకి అది వచ్చేసింది. అండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ తన మిషన్‌లో లాగిన్ అర సెకండు ఆలస్యమవుతోందేమిటని తవ్వితే దొరికింది. ఆయన మైక్రోసాఫ్ట్ ఉద్యోగి! డెబియన్ స్టేబుల్ వాడేవాళ్ల దాకా అది రాలేదు. స్టేబుల్‌లోకి కొత్త సరుకు నిదానంగా వస్తుంది కాబట్టి బతికిపోయారు. "పాత వెర్షన్లు ఇస్తారన్నా" అని డెబియన్‌ను ఎగతాళి చేసేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

ఇందులోంచి నేను తీసుకున్న నీతి ఇది. ఒక్కడే మోసే చెరువు ప్రమాదం. వెయ్యిమంది మోసే చెరువు కంపెనీ కన్నా గట్టిది. కాబట్టి జనం లినక్స్ అనగానే అన్నీ ఒకటి కావు. యూట్యూబ్‌లో మెరిసిపోయే ఏడాది వయసు లినక్స్ వేరు, 30 ఏళ్లు దాటిన డెబియన్ వేరు.

మన ఊరి లెక్క

బెంగళూరులో కూర్చుని రివ్యూ చేసేవాళ్లకు కనిపించని సంగతులు మనకు కొన్నున్నాయి.

ఒకటి, డేటా. చాలామందికి ఇంట్లో వైఫై ఉండదు, ఫోన్ హాట్‌స్పాటే గతి. రోజుకు 1.5 జీబీ ప్యాక్ మీద ఆర్చ్ లాంటివి వాడితే అప్‌డేట్లకే ప్యాక్ ఖాళీ. డెబియన్ స్టేబుల్, మింట్, ఉబుంటు ఎల్‌టీఎస్‌లకు వచ్చేవి ఎక్కువగా రిపేర్లే, కొత్త సరుకు తక్కువ.

రెండు, వైఫై చిప్. ఒకప్పుడు డెబియన్ ఇన్‌స్టాల్ చేస్తే వైఫై ఫర్మ్‌వేర్ విడిగా వెతుక్కోవాల్సి వచ్చేది. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలర్‌లోనే ఇస్తున్నారు. మరీ పాత 32 బిట్ మిషన్ అయితే మాత్రం డెబియన్ 13 నేరుగా ఎక్కదు.

మూడు, తెలుగు. ఇక్కడ కాలువకూ చెరువుకూ ఇద్దరికీ దండం పెట్టాలి. రెడ్‌హ్యాట్ లోహిత్ ఫాంట్లను ఉచిత లైసెన్స్ కింద విడుదల చేసింది, వాటిలో తెలుగు కూడా ఉంది. పోతన, వేమన పేర్లతో దేశికాచారి గారు చేసిన ఫాంట్లు డెబియన్‌లో ఒక్క కమాండ్‌తో వస్తాయి. స్వేచ్ఛ సంస్థ డెబియన్ ఆధారంగా తెలుగులో ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌నే తయారుచేసింది. ఐబస్ పెట్టుకుంటే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వస్తుంది, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతీ వస్తుంది. అయినా మెనూలు తెలుగులో పెట్టి చూస్తే సగంలో ఇంగ్లిష్ ముక్కలు తగులుతాయి. ఆ పని ఏ కంపెనీ చేయదు, లాభం లేదు కాబట్టి. మనలో ఎవరో కూర్చుంటేనే అవుతుంది.

నాలుగు, అన్నింటికన్నా ముఖ్యం, పక్కన మనిషి. రాత్రి పదింటికి ల్యాప్‌టాప్ ఆన్ కాకపోతే రెడ్‌హ్యాట్ మీ ఫోన్ ఎత్తదు, ఎందుకంటే మీరు డబ్బు కట్టలేదు. డెబియన్ మెయిలింగ్ లిస్టు ఇంగ్లిష్‌లో జవాబిస్తుంది, అదీ రేపు. హాస్టల్‌లో పై రూములో ఉండే సీనియర్ ఇప్పుడే వస్తాడు. వాడు ఏ లినక్స్ వాడుతున్నాడో అదే మీకు మొదటి లినక్స్.

సరే, ఏది వేసుకోవాలి?

నా మాట సూటిగా చెప్తా.

నంద్యాల చెల్లెలికి: చదువు, సినిమాలు, ప్రాజెక్ట్ రిపోర్టులే పనైతే లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ. 4 జీబీ ర్యామ్‌లో హాయిగా నడుస్తుంది. మింట్ 22 రకాలకు 2029 దాకా అప్‌డేట్లున్నాయి. మింట్‌ను నేను నమ్మడానికి ఇంకో కారణముంది. ఉబుంటు అనే కాలువ ఏరోజైనా ఎండిపోతే ఎలాగని, నేరుగా డెబియన్ మీద నడిచే ఇంకో రకాన్ని, ఎల్‌ఎండీఈ అనేదాన్ని, వాళ్లు ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకుంటారు. ముందుచూపున్న రైతు కాలువ కింద పొలమున్నా బావి పూడ్చుకోడు. ఒక్క ఖర్చు మాత్రం చేయండి: పాత హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ వేయించండి. ఏ లినక్స్ వేసినా అంత తేడా రాదు.

ప్రొద్దుటూరు తమ్ముడికి: నువ్వు సర్వర్ ఉద్యోగం కోసం చూస్తున్నావు, కంపెనీల్లో రెడ్‌హ్యాట్ అడుగుతారు, నిజమే. దానికోసం రోజువారీ ల్యాప్‌టాప్‌లో రెడ్‌హ్యాట్ పెట్టుకోవాల్సిన పని లేదు. కింద డెబియన్ గానీ మింట్ గానీ ఉంచుకో. వర్చువల్ మిషన్‌లో, డెస్క్‌టాప్ లేకుండా, అల్మాలినక్స్ లేదా రాకీ వేసుకుని నేర్చుకో. సెంటోస్ దెబ్బ తర్వాత 2021లో పుట్టిన పిల్లలే ఆ రెండూ. అసలైన రెడ్‌హ్యాటే కావాలంటే వ్యక్తులకు 16 మిషన్ల దాకా ఉచిత డెవలపర్ సబ్‌స్క్రిప్షన్ ఇస్తున్నారు. ఫెడోరా మీద మనసుంటే ఒక్కటి తెలుసుకో: ఒక్కో వెర్షన్ 13 నెలలే నడుస్తుంది. ఏడాదికోసారైనా పెద్ద అప్‌గ్రేడ్ చేసే ఓపిక, డేటా ఉంటేనే దిగు.

ఆదోని అన్నకు: నీకు ముందు ఇంకో ప్రశ్న. షాపులో పెళ్లిపత్రికలు, కరపత్రాలు పేజ్‌మేకర్‌లో అనూ ఫాంట్లతో చేస్తావు కదా? అయితే ఆ మిషన్ జోలికి పోవద్దు. అవి విండోస్ సరుకు, లినక్స్‌లో పెడితే అవస్థే. వేలిముద్ర మిషను, డిజిటల్ సంతకం డాంగిల్ వాడే పనులకు కూడా ముందు వాటికి లినక్స్ డ్రైవర్ ఉందో లేదో కనుక్కో. ఆ మిషన్‌ను విండోస్ 11 నడిచేదానికి మార్చుకోవడమే మేలు. బిల్లులకు, స్కానింగుకు, నెట్‌కు వాడే రెండో మిషన్ ఉంది చూడు, దానికి ఉబుంటు 24.04 ఎల్‌టీఎస్. 2029 దాకా మామూలుగా, ప్రో తీసుకుంటే 2034 దాకా అప్‌డేట్లు. నీకు అన్నం పెట్టే మిషన్‌కు తేదీ రాసిచ్చే కంపెనీ ఉండటం మంచిది. రేపు షాపు పెరిగి పది మిషన్లయితే డబ్బు కట్టి సపోర్ట్ కొనుక్కునే దారి కూడా ఉంటుంది.

క్యాంపస్ ప్లేస్‌మెంట్ల వాళ్లకు అదనంగా ఒక మాట. కొన్ని ఆన్‌లైన్ పరీక్షల సాఫ్ట్‌వేర్ లినక్స్‌లో తెరుచుకోదు. ఆ సీజన్ అయ్యేదాకా విండోస్‌ను పక్కనే డ్యూయల్ బూట్‌లో ఉంచుకోండి.

ఏది వేసినా ఈ నాలుగూ అడగండి

దీనికి సెక్యూరిటీ అప్‌డేట్లు ఏ తేదీ దాకా? ఆపేద్దామని నిర్ణయించే హక్కు ఎవరిది: ఒక కంపెనీదా, ఒక మనిషిదా, వందలమందిదా? మా ఊళ్లో, మా కాలేజీలో దీన్ని ఎరిగినవాళ్లు ఎవరున్నారు? రేపు ఇది ఆగిపోతే నా ఫైళ్లు తీసుకుని ఇంకోదానికి ఒక్కపూటలో మారగలనా?

నాలుగో ప్రశ్నకు జవాబు మీ చేతిలోనే ఉంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే హోమ్ ఫోల్డర్‌ను వేరే పార్టిషన్‌లో పెట్టండి. నెలకోసారి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. అప్పుడు ఏ తూము మూసినా మీ పంట ఎండదు.

ఇక దశబంధం సంగతి. ఉచితంగా నీళ్లు తాగుతున్నప్పుడు కొంత పూడిక మనమూ తీయాలి. డబ్బే ఇవ్వక్కర్లేదు. మెనూలో ఇంగ్లిష్‌గా మిగిలిపోయిన పది మాటలు తెలుగులోకి మార్చి పంపండి. మీ ప్రింటర్ పనిచేయకపోతే ఏ మోడలో, ఏం ఎర్రర్ వచ్చిందో బగ్ రిపోర్టు రాయండి, ఆ మోడల్ కొన్న తర్వాతివాడికి పనికొస్తుంది. జూనియర్ ఒకడికి ఇన్‌స్టాల్ చేసిపెట్టండి. వాడికి "పక్కన మనిషి" మీరే కదా మరి. ఈ ఆదివారం ఎండ తగ్గాక, సాయంత్రం పూట, ఒక పెన్‌డ్రైవ్‌తో మొదలుపెట్టండి. ముందు లైవ్‌లో నడిపి చూడండి, వైఫై, సౌండ్, తెలుగు మూడూ పనిచేస్తేనే ఇన్‌స్టాల్ నొక్కండి.